కొస తెగని వెంట్రుకలు

ఫిబ్రవరి 1, 2005. మంగళవారం

ఈ రోజు ప్రాచి గణపతి తొండం తిన్నది. మొత్తం కాదు, సగమే. మిగతా సగం నోట్లో వేలు పెట్టి బయటికి తీశాను. గోధుమపిండి బొమ్మ కాబట్టి పిల్లకు నష్టం లేదు, పొద్దున్నుంచి దాని మీద పడ్డ కష్టం మాత్రం నాది. పదకొండో నెల పిల్లకు బొమ్మ చేసిస్తే ఆడుకుంటుందని నాకు ఎవరు చెప్పారో గుర్తు రావడం లేదు. గుర్తొస్తే వాళ్ళింటికి వెళ్ళి నాలుగు మాటలు అడిగి వస్తాను.

ఇది నా బోర్డుల ఆర్డర్ల పుస్తకం. సుమిత్ అనేవాడు మా గల్లీ మొదట్లో ఫ్లెక్సు మిషను పెట్టినప్పటి నుంచి ఇందులో రాయడానికి ఆర్డర్లు లేవు. కాగితం వృథా ఎందుకని నా గురించి రాసుకుంటున్నాను. మా ఇత్వారా బజారులో సగం దుకాణాలకు పేర్లు రాసిన లింగమూర్తి పెయింటర్ ఇప్పుడు ఉచ్చగుడ్డలు ఉతుకుతున్నాడు. నా భార్య భాగ్యవతి జిల్లా పరిషత్ బడిలో టీచరు, పదింటి బస్సుకు వెళ్ళి ఆరింటికి వస్తుంది. ఇల్లు ఆమె జీతం మీద నడుస్తుంది, పిల్ల నా చేతుల మీద పెరుగుతుంది. ఎవరైనా అడిగితే "సీజన్ లేదు" అంటున్నాను. బోర్డులకు సీజనేమిటని ఇంతవరకు ఎవరూ అడగలేదు. మంచివాళ్ళు.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, భాగ్య ఈ మరాఠీ జిల్లాలోనే, ఇస్లాపూర్‌లో పుట్టి తెలుగే మాట్లాడినా చదివిందంతా మరాఠీలో. తెలుగు అక్షరం ఒక్కటి కూడా రాదు. అందుకే ఈ పుస్తకాన్ని బీరువాలో దాచకుండా టీవీ మీదే పెడుతున్నాను. పైగా కలం పడితే నాకు పుస్తకాల తెలుగు వస్తుంది, నోరు తెరిస్తే గల్లీ తెలుగు. రాతలో నేను కాస్త పెద్దమనిషిని.

ఫిబ్రవరి 4. శుక్రవారం

సుందరక్క వచ్చింది. రెండిళ్ళ అవతల ఉండే మా అక్క రావడం విశేషం కాదు, ఎప్పుడైనా వెళ్ళిపోతే అది విశేషం. ఈసారి చేతిలో పంచాంగం ఉంది.

"లింగూ, పదమూడు తారీఖు, ఐతారం, పంచమి. ప్రాచి పుట్టెంట్రుకలు గంగ ఒడ్డున తీస్తున్నం. నాగనాథ్‌కు ఫోన్ జెయ్యి. మామ లేకుంటె మొదటి కత్తెర ఎవలు వెడతరు?"

"గింత జల్ది ఎందుకక్కా? జుట్టు మంచిగున్నది గద."

"మంచిగున్నదని ఉంచుకుంటార్రా? అది గంగది."

భాగ్య వంటింట్లోంచి వచ్చి గడపలో నిలబడింది. "ఒక్కటి గుడ మిగలొద్దు వదినా. నేను మొక్కిన. ఒక్క ఎంట్రుక గుడ ఇంట్ల ఉండొద్దు," అన్నది. అక్కకు చెప్పినట్టే చెప్పింది గానీ చూసింది నా వైపు.

మొక్కినప్పుడు నేనూ ఉన్నాను. ప్రాచి కడుపులో ఏడో నెల. మేం గంగ అని పిలిచే గోదావరిలో మోకాళ్ళ లోతున నిలబడి, నా చెయ్యి కూడా నీళ్ళలో పెట్టించి మొక్కింది. అంతకు రెండేళ్ళ ముందు మాకొక బాబు పుట్టి తొమ్మిది రోజులుండి పోయాడు. వాడి గురించి మా ఇంట్లో మాట్లాడరు. నేను కూడా ఇక్కడితో ఆపుతాను.

సాయంత్రం ప్రాచి తల దువ్వాను. ఇంతవరకు కత్తెర తగలని జుట్టు. ప్రతి వెంట్రుకా కొసకు పోయేకొద్దీ సన్నబడి, చివర ఉందో లేదో తెలియకుండా ముగుస్తుంది. ఒకసారి కత్తిరిస్తే మళ్ళీ జన్మలో ఆ కొస రాదు, మొద్దుగానే పెరుగుతుంది. మంచి కుంచెకు కావలసింది ఆ కొసే. మా ఉస్తాద్ ఉడుత తోక వెంట్రుకల కోసం మామిడితోటలన్నీ తిరిగేవాడు, ఇవి వాటికన్నా సన్నం. ఊరికే గమనించాను. పెయింటరును కాబట్టి గమనించాను.

ఫిబ్రవరి 5

ఆ వెంట్రుకల గురించి నాకు ఏ ఆలోచనా లేదు.

ఫిబ్రవరి 8. మంగళవారం

టర్పెంటైన్ డబ్బాను మూడుసార్లు సబ్బుతో కడిగి, లోపల చింతగింజలు పోసి, మూత బిగించి, పైన రెండు చిలకలు గీసి గిలక్కాయ చేశాను. ప్రాచి దాన్ని రెండు చేతులతో ఎత్తి నా మోకాలి చిప్ప మీద వేసింది. నేను అరిచాను. అది నవ్వింది. మళ్ళీ ఎత్తింది. బొమ్మ డబ్బా కాదనీ, బొమ్మను నేనేననీ దానికి ముందే అర్థమైంది.

దాని నడినెత్తి మీద ఒక కుచ్చు పట్టుకుని, కొసలన్నీ ఒక్క వరసలో వచ్చేట్టు దువ్వి, మొదట్లో ఎర్ర దారంతో బిగించి కట్టాను. ముద్దుగా ఉంది.

భాగ్య బస్సు దిగి వచ్చి చూసింది. "గిదేంది?"

"ముద్దుగున్నది గద."

"మా నాగనాథ్ కత్తెర ఏసెటందుకు గుడ సులువైతది. మంచి పని జేసినవ్."

నాకు ఆ సంగతి తట్టనే లేదు. నిజంగా తట్టలేదు.

ఫిబ్రవరి 13. ఆదివారం

అయిపోయింది. వరసగా రాస్తాను.

నాగనాథ్ ఇస్లాపూర్ నుంచి పొద్దుటి రైలుకు వచ్చాడు. మేనకోడలికి గౌను తెచ్చాడు, అది మూడేళ్ళ పిల్లకు సరిపోతుంది. "పెరుగుతది గద బావా," అన్నాడు. కటింగు షాపు వెంకట్రావ్ కాక మాకంటే ముందే ఘాటు మీద కూర్చుని కత్తి నూరుతున్నాడు. నా పుట్టెంట్రుకలు తీసింది కూడా ఆయనే. అప్పుడు నేను ఆయన చెయ్యి కొరికానని ఇప్పటికీ కటింగు షాపులో అందరి ముందూ చెబుతాడు.

ప్రాచి మామ ఒళ్ళో కూర్చుని మొదట అటూ ఇటూ చూసింది. కత్తెర కనబడగానే ఘాటు మీద పావురాలన్నీ లేచేలా ఏడ్చింది. నాగనాథ్ ఒక చేత్తో దాని తల పట్టుకున్నాడు. ఎర్రదారం కింద ఒక్క కోత కోశాడు. కుచ్చు చెదరకుండా, దారంతో సహా, అక్క పట్టుకున్న కొత్త రవికె గుడ్డలో పడింది. తర్వాత కాక నీళ్ళు రాసి గుండు చేశాడు. ఒక్క గాటు లేదు, ఒక్క వెంట్రుక కింద పడలేదు. అక్క గుడ్డ పట్టుకుని కాక కత్తి ఎటు తిరిగితే అటు తిరిగింది.

ఆ వెంట్రుకలన్నీ మోదుగాకు దొప్పలో పోసి, పసుపు కుంకుమ చల్లి నా చేతికిచ్చింది. "తండ్రి చేతుల మీదికెల్లి పోవాలె. పో, ఇడిచి రా."

నీళ్ళ దాకా తొమ్మిది మెట్లు. నాలుగో మెట్టు దాకా నేను మంచివాణ్ణే. ఐదో మెట్టు మీద కాలు జారినట్టు ఆగి, వంగి, ఎర్రదారం కుచ్చును తీసి జేబులో ఉన్న ఖాళీ అగ్గిపెట్టెలో పెట్టాను. ఖాళీ అగ్గిపెట్టె జేబులో ఎందుకుందని నన్ను నేను అడగలేదు. దొప్పను నీళ్ళలో వదిలాను. అది రెండు చుట్లు తిరిగి వెళ్ళిపోయింది.

పైమెట్టు మీద నుంచి భాగ్య అడిగింది. నలుగురిలో ఉంటే నన్ను మరాఠీ ఆడవాళ్ళలాగా అహో అంటుంది. "అహో, అన్నీ పోయినయా?"

"అన్నీ," అన్నాను.

ఆమె ప్రాచి గుండు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. ఎంత తేలిక పడిందో అక్కడికి కనిపించింది. అన్ని మెట్లు ఎక్కడానికి నాకు చాలాసేపు పట్టింది.

ఫిబ్రవరి 14

ప్రాచి అద్దంలో తన గుండు చూసుకుని ఏడ్చింది. అగ్గిపెట్టె దాచిన అలమారను అగ్గిపుల్లల కోసం ఎవరూ వెతకకూడదని నేను గ్యాస్ లైటర్ కొన్నాను. భాగ్య చాలా సంతోషించింది. ఏడాది నుంచి అడుగుతోందట.

ఫిబ్రవరి 15. మంగళవారం

ప్రాచి నిద్రపోయేది మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా. ఆ గంటన్నరలో కుంచె కట్టాను.

కుచ్చును సీసా మూతలో కొసలు కిందికి పెట్టి మెల్లగా తట్టాలి. కొసలన్నీ ఒక్క మట్టానికి వస్తాయి. మొదట్లో సన్న దారంతో మూడు ముళ్ళు వేయాలి. పావురం ఈక కాడను వేడినీళ్ళలో నానబెడితే మెత్తబడుతుంది, అందులోంచి కుచ్చును లాగితే ఆరేటప్పుడు ఈక బిగుసుకుని వదలమన్నా వదలదు. వెనక వెదురుపుల్ల. ఇదంతా ఉస్తాద్ దగ్గర నేర్చుకుని పదిహేనేళ్ళయింది, చేతులు మరిచిపోలేదు. కట్టిన తర్వాత నాలిక మీద తడిపి చూశాను. కొస సూదిమొనలా వచ్చింది.

నెంబరు ప్లేట్లకు బాగుంటుంది.

ఫిబ్రవరి 17. గురువారం

నెంబరు ప్లేటుకు పనికిరాదు. పాలవాడి స్కూటరు మీద ప్రయత్నించాను. ఎనామిల్‌లో ముంచగానే కుంచె వాలి పడుకుంటుంది, లేపినా లేవదు. వెంట్రుకల యజమానురాలి బుద్ధే వచ్చింది. గీసిన నాలుగు అంకెను చూసి పాలవాడు "గిదేం అంకెన్నా?" అని మర్యాదగానే అడిగాడు. తుడిచేసి మామూలు కుంచెతో రాసిచ్చాను.

ఇక రాయక తప్పదు. ఇది నెంబరు ప్లేట్ల కోసం కాదు, మొదటి నుంచీ కాదు. ఆ బాబు ముఖం గీద్దామని.

వాడికి ఫోటో లేదు. పన్నెండో రోజున పేరు పెట్టేటప్పుడు ఫోటోగ్రాఫర్‌ను పిలుద్దామనుకున్నాం. వాడు తొమ్మిదో రోజున పోయాడు. పెద్దవాళ్ళు వచ్చి మరిచిపొమ్మన్నారు. భాగ్య మరిచిపోయినట్టు ఉంటుంది, ఎవరైనా ఆ మాటెత్తితే లేచి పక్కగదిలోకి పోతుంది. నేను నిజంగానే మరిచిపోతున్నాను. కనురెప్పల వెంట్రుకలు మాత్రం బాగా గుర్తున్నాయి, పొడుగ్గా, తడిగా ఉండేవి. మిగతాదంతా నెలనెలా కొంచెం తగ్గుతోంది. నాకు భయంగా ఉంది. నా దగ్గరున్నవన్నీ దుకాణాల పేర్లు రాసే కుంచెలు, వాటితో ఆ రెప్పలు గీస్తే చీపురుకట్టలవుతాయి. వాడి చెల్లెలి వెంట్రుకలైతే సరిపోతాయనిపించింది. ఎందుకు అనిపించిందంటే చెప్పలేను. భాగ్యను మాత్రం ఎవరు అడిగారు, గంగకెందుకు వెంట్రుకలని?

ఎనామిల్ డబ్బా మూత ఒకటి, అరచేతి అంత ఉంది, దానికి తెల్లరంగు పూసి ఆరబెట్టాను.

ఫిబ్రవరి 18

రంగులో టర్పెంటైన్ కలిపి పల్చగా చేస్తే ఎడమకన్ను వచ్చింది. కుంచె దీనికే పుట్టింది.

ఫిబ్రవరి 19. శనివారం

సర్కారు సెలవు. భాగ్య ఇంట్లోనే. రెండు గంటల దాకా ఏం చేయాలో తోచక అల్లం దంచాను.

ఫిబ్రవరి 21. సోమవారం

ప్రాచికి జ్వరం. పొద్దున్నుంచి ఒళ్ళు కాలుతోంది. భాగ్య బడికి వెళ్ళలేదు. డాక్టరు నోట్లో టార్చి వేసి చూసి, పళ్ళు వస్తున్నాయి, రెండు రోజుల్లో తగ్గుతుంది అన్నాడు. నేను నమ్మాను. భాగ్య తల ఊపింది, నమ్మలేదు. ఇంటికి వచ్చినప్పటి నుంచి పిల్ల ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూస్తోంది. నేను మందు పట్టించబోతే నా చేతిలోంచి చెంచా తీసుకుంది.

"మొక్కుల ఏమన్న తక్కువైందా?" అన్నది. నన్ను కాదు, గోడను.

నేను మందు సీసా మీద మరాఠీలో, ఇంగ్లీషులో రాసినవన్నీ రెండుసార్లు చదివాను.

ఫిబ్రవరి 22. మంగళవారం

సుందరక్క విచారణ మొదలుపెట్టింది. గుడ్డ తన చేతిలోనే ఉంది కాబట్టి తప్పు తనది కాదు. మామ కత్తెర బాగానే వేశాడు. తండ్రి దొప్పను వదిలాడు, తను చూసింది. ఇక మిగిలింది వెంకట్రావ్ కాక.

"ఆయన తువ్వాల దులిపిండు, నేను నా కండ్లతోని చూసిన. ఎంట్రుకలు దానికే అంటుకున్నయి. యాడనో తొక్కిళ్ళల పడ్డయి. పిల్లకు జరం గందుకే!"

"డాక్టర్ పండ్లన్నడు గదక్కా."

"డాక్టర్‌కు ఏమెరుక?"

చెప్పులు వేసుకుని కటింగు షాపుకు పోయింది. నేను ప్రాచిని ఎత్తుకుని వెనకాలే పోయాను, ఆపుదామని. అక్కను ఆపడం నా వల్ల ఎప్పుడు అయింది? నలుగురు గిరాకీల ముందు ఆయన్ను అనరాని మాటలన్నీ అన్నది. కాక సబ్బు నురగ చేతులతోనే నిలబడి విన్నాడు.

"నలభై ఏండ్ల సంది గంగ మీద ఎంట్రుకలు తీస్తున్న బిడ్డా. ఒక్కటి గుడ కింద పడనియ్యలే. లింగూ, నువ్వు ఉంటివి గద. చెప్పు."

ప్రాచి ఏడ్చింది. దాన్ని సముదాయించే వంకతో బయటికి వచ్చేశాను.

నా బతుకులో ఇంత సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు. బోర్డు మీద తప్పు రాసి అక్షరదోషం గిరాకీదే అని వాదించిన రోజులున్నాయి, అవి దీని ముందు పుణ్యకార్యాలు.

ఫిబ్రవరి 23. బుధవారం

జ్వరం దిగింది. కింది చిగురులో బియ్యపుగింజంత పన్ను. అక్క అది తను తీసిన దిష్టి ఫలితమన్నది. కాక మీద కోపం మాత్రం అలాగే ఉంది, గల్లీలో ఇద్దరు అప్పుడే వేరే షాపుకు పోతున్నారట.

భాగ్య బడికి వెళ్తూ గడప దగ్గర నుంచి మూడుసార్లు వెనక్కి వచ్చింది. పిల్ల ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి మళ్ళీ వెళ్ళింది. బస్సు తప్పిపోయింది. రెండో బస్సుకు పోయింది.

ఫిబ్రవరి 24

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 25. శుక్రవారం

చెప్పలేదు. ఆమె అలసిపోయి వచ్చింది. పరీక్ష పేపర్ల కట్ట ఒకటి తెచ్చుకుంది. ఎవరైనా అలాంటప్పుడు చెబుతారా? రెండు కళ్ళూ, ముక్కూ, నోరూ పూర్తయ్యాయి. ఎడమ చెవి కూడా గీశాను. కుడి చెవి మిగిలింది. అది గీసి, మూతను దాచి, అప్పుడు చెబుతాను.

ఫిబ్రవరి 26. శనివారం

శనివారం పొద్దుటి ఒంటిపూట బడి. ఆ సంగతి జిల్లాలో ప్రతి పిల్లకూ తెలుసు. టీచరు మొగుణ్ణి, నేను మరిచిపోయాను. పొద్దున ఏడున్నరకే వెళ్తున్నప్పుడైనా నాకు బుద్ధి ఉండాలి. ప్రాచి బువ్వ పారేస్తుంటే అది ఏరుతూ ఉన్నాను.

ఒంటిగంటన్నరకు తలుపు తోసుకుని వచ్చింది. నేను కింద కూర్చుని ఉన్నాను, ఒళ్ళో ప్రాచి నిద్రపోతోంది, ఎడమచేతిలో మూత, కుడిచేతిలో కుంచె. భాగ్య సంచి కింద పెట్టకుండానే చాలాసేపు మూత వైపు చూసింది. ఎవరని అడగలేదు. తర్వాత కుంచె చూసింది. ఈక దగ్గర ఎర్రదారం కొస ఇంకా కనిపిస్తోంది.

"గివి దాని ఎంట్రుకలేనా?"

"అవ్."

"అన్నీ పోయినయన్నవ్."

"అన్న."

"జరం అచ్చిననాడు గుడ చెప్పలే. నేను సచ్చిపోయిన ఆ రెండు రోజులు. చూస్తనే ఉన్నవ్, చెప్పలే."

"భయమైంది భాగ్యా."

"నాకు కాలేదా?"

ప్రాచిని నా ఒళ్ళోంచి తీసుకుని లోపలి గదిలోకి పోయి గొళ్ళెం పెట్టింది. నేను గది బయట నిలబడ్డాను. కాసేపటికి చూసుకుంటే టర్పెంటైన్‌లో కుంచె కడుగుతున్నాను. ఇల్లు కూలుతున్నా పెయింటరు కుంచె కడిగే కదులుతాడు, నాకే అసహ్యం వేసింది.

గంట తర్వాత గొళ్ళెం తీసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "పోయి కాకకు చెప్పు. ముందుగాల అది."

పోయాను. షాపులో ముగ్గురున్నారు, అందులో ఒకడు అక్క అరిచిన రోజు కూడా ఉన్నవాడే. వాడుంటేనే మంచిదనుకుని, అందరికీ వినబడేలా, మెట్ల దగ్గర నుంచి అగ్గిపెట్టె దాకా అంతా చెప్పాను. కాక కత్తి ఆపి విన్నాడు. గిరాకీ సగం గడ్డంతో విన్నాడు.

కాక కుర్చీ వైపు వేలు చూపించాడు. "కూసో."

గొంతు కోస్తాడేమో అనిపించింది. కోసినా సాక్షులు ఆయన తరఫునే. కూర్చున్నాను. తల మీద నీళ్ళు చల్లి గుండు గీశాడు. అంతా అయ్యాక నా జుట్టును పేపరులో పొట్లం కట్టి ఒళ్ళో పెట్టాడు.

"బిడ్డది తక్కువైంది గద. అయ్యది కలుపు. గంగల ఏసి ఇంటికి పో. మీ అక్కను మాత్రం నా దుకాణం మొకాన రానియ్యకు, నీకు దండం వెడత."

ఘాటుకు పోయి పొట్లం విప్పి వదిలాను. ముప్ఫై ఆరేళ్ళ జుట్టు, అందులో సగం తెల్లవి. గంగ ఏమనుకుందో. దారిలో అక్కకు కూడా చెప్పాను. జీవితంలో మొదటిసారి ఆమె మా ఇంటికి రాకుండా తన ఇంట్లోకి పోయింది.

ఇంట్లోకి అడుగు పెట్టగానే ప్రాచి నన్ను చూసి దొంగను చూసినట్టు కేక పెట్టింది. దాని గుండు, నా గుండు. భాగ్య నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి మాత్రం చాలా కష్టపడింది, పమిట నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయి చెంబు కింద పడేసింది.

టీ తాగాక వచ్చి మూత ముందు కూర్చుంది. మూడేళ్ళ నాలుగు నెలల తర్వాత వాడి గురించి మొదటి మాట అన్నది.

"కండ్లు గివే. చెవ్వు గిట్ల లేకుండె."

"ఎట్లుండె?"

"పైన మడత వడి ఉండె. నేను రోజు ఏలుతోని సాపు జేస్తుంటి. మల్ల మడత వడేది. నీకు ఎరుక లేదు, పాలిచ్చేటప్పుడే కనబడేది."

నా చెవి పైకొస పట్టుకుని ముందుకు మడిచి చూపించింది. టీచరు కాబట్టి కాస్త గట్టిగానే పట్టుకుంది. బొమ్మ చెవిని గుడ్డతో తుడిచి మళ్ళీ గీశాను. "ఇంక జర," అన్నది. గీశాను. "ఆ, గిప్పుడు," అని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ప్రాచి ఇద్దరినీ చూసి, మాతో పోటీగా ఏడవాలా వద్దా అని ఆలోచించి, మానుకుంది.

పొద్దు గుంకకముందే ఘాటుకు పోదామనుకుని లేచాను. "తే భాగ్యా, గా కుంచె గుడ గంగల ఇడిచి అస్త. నీ మొక్కు తీరిపోతది."

ఆమె అప్పటికే నా చేతిలోంచి కుంచెను తీసుకుని గుప్పిట్లో పట్టుకుంది. ఇవ్వలేదు.

"కూసో. ఇంకో చెవ్వు ఉన్నది గద. గంగ యాడికి వోతది?"